ఈవ్ ఆన్‌లైన్‌లో ఓడకు వేగం: ఆఫ్టర్‌బర్నరా, మైక్రోవార్ప్‌డ్రైవా?

అంతరిక్ష ఓడలు నడిపే ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో నేను పోగొట్టుకున్న మొదటి ఓడల్లో రిఫ్టర్ అనే చిన్న ఫ్రిగేట్ ఉంది. దానికి మార్కెట్లో దొరికిన వాటిలో అతి పెద్ద వేగం అంకె చూపించిన మాడ్యూల్ (ఓడకు బిగించే పరికరం) తగిలించి యుద్ధానికి బయలుదేరాను. సెకనుకు రెండున్నర వేల మీటర్ల వేగంతో శత్రువు మీదికి దూసుకుపోతుంటే గెలిచేసినట్టే అనిపించింది. ఎనిమిది కిలోమీటర్ల దూరానికి చేరేసరికి ఇంజన్ మోత ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ వెంటనే మరో మాడ్యూల్ నా ఓడను పట్టి లాగింది. వేగం చూపించే పట్టీలో అంకె 170కి దిగువన వణుకుతూ నిలబడింది. ఎదుటి ఓడ మాత్రం నా చుట్టూ తాపీగా తిరుగుతూ కాల్చింది.

ఆ రోజు నేను కొన్న మాడ్యూల్, మైక్రోవార్ప్‌డ్రైవ్, మంచిదే, దాన్ని తీసుకెళ్లిన చోటు దానిది కాదు. ఈ ఆటలో వేగం పెంచే మాడ్యూళ్ల గురించి తెలుసుకోవలసిందంతా ఆ తేడాలోనే ఉంది. ఏ మాడ్యూల్ ఎంత వేగం ఇస్తుందన్నది చిన్న ప్రశ్న. మీ మీద కాల్పులు జరిగే క్షణంలో మీరు ఎంత దూరంలో ఉంటారు, అక్కడ ఆ వేగం మిగిలి ఉంటుందా అన్నది అసలు ప్రశ్న. ఆట మొదలుపెట్టి కొన్ని వారాలైన వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ముందు మూడు వేగాలను విడదీసుకోండి

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మే నెలలో విడుదల చేసిన ఈ ఆటలో "వేగం" అనే ఒక్క మాట మూడు వేర్వేరు విషయాలకు వాడుతుంటారు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే.

మొదటిది మామూలు అంతరిక్షంలో ఓడ ప్రయాణించే వేగం, అంటే సెకనుకు ఎన్ని మీటర్లు అన్నది. రెండోది చురుకుదనం: ఓడ ఎంత త్వరగా తిరిగి, ఎంత త్వరగా ఊపందుకుంటుంది అన్నది. మూడోది వార్ప్ వేగం, ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి దూకేటప్పటిది. ఆఫ్టర్‌బర్నర్, మైక్రోవార్ప్‌డ్రైవ్ రెండూ మొదటిదాన్నే పెంచుతాయి. పేరులో వార్ప్ అని ఉన్నా మైక్రోవార్ప్‌డ్రైవ్ వల్ల వార్ప్ వేగం ఏమాత్రం పెరగదు. పైగా ఈ రెండు మాడ్యూళ్లూ పనిచేస్తున్నంతసేపు ఓడ బరువు పెరుగుతుంది కాబట్టి రెండోది, అంటే చురుకుదనం తగ్గుతుంది.

ఓడ వార్ప్‌లోకి వెళ్లాలంటే గమ్యం వైపు తిరిగి, తన గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకోవాలి. ఈ ఒక్క నియమాన్ని గుర్తుపెట్టుకోండి. కిందికి వెళ్లేకొద్దీ దీనితో చాలా పని ఉంది.

సరైన సైజు కొనండి

రెండు మాడ్యూళ్లూ మిడ్ స్లాట్‌లోనే, అంటే ఓడలో మాడ్యూళ్లు పెట్టే మధ్య వరుసలోనే కూర్చుంటాయి. పేరు ముందు ఉండే అంకె ఓడ తరగతిని చెబుతుంది. ఫ్రిగేట్లకు, డిస్ట్రాయర్లకు 1 ఎంఎన్ ఆఫ్టర్‌బర్నర్ లేదా 5 ఎంఎన్ మైక్రోవార్ప్‌డ్రైవ్. క్రూజర్లకు, బ్యాటిల్‌క్రూజర్లకు 10 ఎంఎన్ లేదా 50 ఎంఎన్. బ్యాటిల్‌షిప్పులకు 100 ఎంఎన్ లేదా 500 ఎంఎన్. "5 పెద్దది, 1 చిన్నది" అనుకుని 5 ఎంఎన్ ఆఫ్టర్‌బర్నర్ కోసం మార్కెట్లో వెతికేవారు కనిపిస్తుంటారు. అలాంటిది లేదు. ఆ అంకె ఒక్కో రకానికి ఒక్కో కొలత.

కొనేటప్పుడు పేరులో కాంపాక్ట్ అని ఉంటే అది తక్కువ పవర్‌గ్రిడ్, సీపీయూలతో (మాడ్యూళ్లకు ఓడ పంచే పరిమిత వనరులు) ఓడలో ఇమిడిపోతుంది. ఎండ్యూరింగ్ అని ఉంటే కెపాసిటర్‌ను, అంటే మాడ్యూళ్లను నడిపే శక్తి నిల్వను తక్కువగా తాగుతుంది. రిస్ట్రెయిన్డ్ అని ఉంటే దాని దుష్ఫలితం తక్కువ. రెండో శ్రేణి (టెక్ 2) మాడ్యూల్ వాడే నైపుణ్యం వచ్చేదాకా వీటితో హాయిగా నెట్టుకురావచ్చు. ఫిట్టింగ్ తెరలో సిమ్యులేషన్ పద్ధతి ఉంది. ఏదీ కొనకుండానే ఓడకు మాడ్యూళ్లు తగిలించి, వేగం, కెపాసిటర్ ఎలా మారుతున్నాయో అందులో చూసుకోవచ్చు. ఆటలోని పెద్ద మార్కెట్ జీటాకు వెళ్లి డబ్బు ఖర్చుపెట్టే ముందు అక్కడ పది నిమిషాలు గడపండి.

లెక్క ఒకసారి చేసి చూద్దాం

ఈ లెక్క తెలియకపోయినా ఆట ఆడవచ్చు. తెలిస్తే మాత్రం ఫిట్టింగ్ గురించి ఇతరులు చెప్పే సగం సలహాలను మీరే సరిచూసుకోగలరు.

మాడ్యూల్ ఇచ్చే శాతం నేరుగా వేగానికి కలవదు. మాడ్యూల్ తోపు శక్తిని ఓడ మొత్తం బరువుతో భాగించి, వచ్చినదాన్ని ఆ శాతంతో గుణిస్తారు. ఫ్రిగేట్ సైజులో రెండు మాడ్యూళ్ల తోపు శక్తీ ఒకటే, 15 లక్షల న్యూటన్లు. అవి కలిపే బరువూ ఒకటే, 5 లక్షల కిలోలు.

రిఫ్టర్‌నే తీసుకుందాం. బరువు 10 లక్షల 67 వేల కిలోలు, మూల వేగం సెకనుకు 365 మీటర్లు. నావిగేషన్ నైపుణ్యం 5వ స్థాయిలో ఉంటే 25 శాతం కలిసి 456 అవుతుంది. మాడ్యూల్ వెలిగించగానే మొత్తం బరువు 15 లక్షల 67 వేలు. 15 లక్షలను దానితో భాగిస్తే సుమారు 0.957. రెండో శ్రేణి ఆఫ్టర్‌బర్నర్ ఇచ్చేది 135 శాతం. యాక్సిలరేషన్ కంట్రోల్ 5వ స్థాయి దాన్ని మరో నాలుగో వంతు పెంచుతుంది. అన్నీ గుణిస్తే ఆ 456కి 1.6 రెట్లు అదనంగా చేరి ఓడ సెకనుకు దాదాపు 1,190 మీటర్లు పోతుంది. అదే రెండో శ్రేణి మైక్రోవార్ప్‌డ్రైవ్ ఇచ్చేది 510 శాతం. దానితో దాదాపు 3,240 మీటర్లు.

ఇప్పుడు అదే ఓడకు కవచపు పలకలు తగిలించారనుకోండి. వాటి వల్ల మరో 3 లక్షల కిలోలు పెరిగితే భాగహారం 0.957 నుంచి 0.80కి పడిపోతుంది, 3,240 కాస్తా 2,800 దగ్గరికి వస్తుంది. కవచం మీద ఆధారపడే ఓడలు ఎందుకు మందకొడిగా కదులుతాయో, షీల్డ్ ఓడలు ఎందుకు చురుగ్గా ఉంటాయో ఈ ఒక్క భాగహారం చెబుతుంది. షీల్డ్ ఎక్స్‌టెండర్లు బరువు పెంచవు. వాటి బదులు ఓడ సిగ్నేచర్‌ను పెంచుతాయి. దాని సంగతికే ఇప్పుడు వస్తున్నాను.

ఓడ ఎంత పెద్దగా కనిపిస్తుంది?

ప్రతి ఓడకూ సిగ్నేచర్ వ్యాసార్ధం అని ఒక కొలత ఉంటుంది. శత్రువు తుపాకులకు, క్షిపణులకు మీ ఓడ ఎంత పెద్దగా కనిపిస్తుందో అది చెబుతుంది. రిఫ్టర్‌ది 35 మీటర్లు. మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలిగిస్తే సిగ్నేచర్ 500 శాతం పెరుగుతుంది, అంటే ఆరు రెట్లు. 35 కాస్తా 210 అవుతుంది. చిన్న ఫ్రిగేట్ శత్రువు కళ్లకు క్రూజర్ కన్నా పెద్దగా కనిపిస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌తో ఇలాంటి ఉబ్బు ఏమీ ఉండదు.

దీని ఫలితాన్ని దగ్గర నుంచి చూడండి. తుపాకీ మిమ్మల్ని కొట్టగలదా లేదా అన్నది మీ మీటర్ల వేగం ఒక్కదానితో తేలదు. మీరు దాని చుట్టూ ఎంత వేగంగా కోణం మారుస్తున్నారు, ఎంత పెద్దగా కనిపిస్తున్నారు అన్న రెండిటి నిష్పత్తితో తేలుతుంది. ఒకే దూరంలో వలయంలా తిరుగుతున్నారనుకోండి. ఆఫ్టర్‌బర్నర్‌తో మీ వేగం 2.6 రెట్లు, సైజులో మార్పు లేదు. అంటే మీరు గురికి 2.6 రెట్లు కష్టమైన లక్ష్యం అయ్యారు. మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో వేగం 7.1 రెట్లు, సైజు 6 రెట్లు. 7.1ని 6తో భాగిస్తే 1.18. ఏడు రెట్ల వేగంతో తిరుగుతున్నా, ఏ మాడ్యూలూ వెలిగించని ఓడ కన్నా మీరు కేవలం 18 శాతం కష్టమైన లక్ష్యం. తుపాకీ అదుపు దాటించడానికి అది ఏ మూలకూ చాలదు.

ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తెర మీద ఎంతో బలంగా కనిపించే ఆ పెద్ద అంకె దగ్గరి పోరాటంలో దాదాపు ఏమీ ఇవ్వదు. మరి మైక్రోవార్ప్‌డ్రైవ్ ఎందుకు? దూరాన్ని మీ చేతిలో పెట్టడానికి. శత్రువు తుపాకీ అందని చోట నిలబడి కాల్చాలన్నా, పారిపోతున్నవాణ్ణి అందుకోవాలన్నా, మీరే పారిపోవాలన్నా దానికి సాటి లేదు. అది తూటాల మధ్యకు తీసుకెళ్లే సాధనం కాదు, తూటాలు అందని చోటికి తీసుకెళ్లే సాధనం.

ఇంటర్‌సెప్టర్లకు, అసాల్ట్ ఫ్రిగేట్లకు ఈ ఉబ్బు తగ్గే ప్రత్యేక లక్షణం ఉంది. అందుకే ఆ ఓడల్లో మైక్రోవార్ప్‌డ్రైవ్ వేరే స్థాయిలో పనిచేస్తుంది. మామూలు ఫ్రిగేట్ నడిపేవారు వాటిని చూసి అనుకరించకూడదు.

మరో రెండు ఖర్చులు కూడా ఉన్నాయి. మైక్రోవార్ప్‌డ్రైవ్ తగిలిస్తే చాలు, వెలిగించకపోయినా, కెపాసిటర్ మొత్తం సామర్థ్యం తగ్గుతుంది. వెలిగిస్తే మిగిలినదాన్ని ఆబగా తాగుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌ను చాలా ఓడల్లో ఆపకుండా వాడుకోవచ్చు.

స్క్రాంబ్లర్: ఆ రోజు నా ఇంజన్ ఆగిపోయిన కారణం

వార్ప్‌ను అడ్డుకునే మాడ్యూళ్లు రెండు రకాలు. డిస్రప్టర్ దూరం నుంచి పనిచేస్తుంది. రెండో శ్రేణిది 24 కిలోమీటర్ల దాకా అందుతుంది. అది వార్ప్‌ను మాత్రమే ఆపుతుంది. స్క్రాంబ్లర్ అందే దూరం తక్కువ, రెండో శ్రేణిది 9 కిలోమీటర్లు. కానీ అది వార్ప్‌తో పాటు మైక్రోవార్ప్‌డ్రైవ్‌ను కూడా ఆర్పేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌ను ఏమీ చేయలేదు. 2008లో సీసీపీ వేగం లెక్కలన్నిటినీ తిరగరాసినప్పుడు స్క్రాంబ్లర్‌కు ఈ శక్తి వచ్చింది. అంతకు ముందు బరువు తగ్గించుకున్న ఓడలు ఎవరికీ చిక్కకుండా తిరుగుతూ యుద్ధాలను శాసించేవి.

స్క్రాంబ్లర్ దగ్గర సాధారణంగా వెబ్ కూడా ఉంటుంది. రెండో శ్రేణి వెబ్ 10 కిలోమీటర్ల లోపల మీ వేగాన్ని 60 శాతం కోసేస్తుంది. పూర్తి నైపుణ్యాలున్న రిఫ్టర్‌తో ఈ రెండూ పడ్డాక పరిస్థితి ఇది: మైక్రోవార్ప్‌డ్రైవ్ మాత్రమే ఉంటే 456లో 40 శాతం, అంటే సెకనుకు 182 మీటర్లు. ఆఫ్టర్‌బర్నర్ ఉంటే 1,190లో 40 శాతం, దాదాపు 477 మీటర్లు. పది కిలోమీటర్ల లోపల పోరాటాన్ని ఎవరు నడిపిస్తారో ఇక చెప్పనవసరం లేదు.

కాబట్టి ఎంపిక ఇలా చేసుకోండి. దగ్గరికి వెళ్లి కొట్లాడే ఓడకైనా, ఎన్‌పీసీ (కంప్యూటర్ నడిపే) శత్రువుల మిషన్లలో తిరిగే ఓడకైనా, సిగ్నేచర్ చిన్నగా ఉంచుకుని బతకాల్సిన ఓడకైనా ఆఫ్టర్‌బర్నర్. స్క్రాంబ్లర్ అందని దూరంలో ఉండి కాల్చే ఓడకు మైక్రోవార్ప్‌డ్రైవ్. భద్రత లేని నల్‌సెక్ ప్రాంతాల్లో ప్రయాణించే ఓడకు కూడా అదే. అక్కడ వార్ప్‌ను అడ్డుకునే బుడగలు చాలా కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి, వాటి నుంచి సొంత కాళ్ల మీద బయటపడటమే మార్గం. మిడ్ స్లాట్లు ఎక్కువగా ఉన్న ఓడలో రెండూ తగిలించవచ్చు, ఒకసారికి ఒకటే పనిచేస్తుంది. దూరాన్ని మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో దాటి, స్క్రాంబ్లర్ పడగానే ఆఫ్టర్‌బర్నర్‌కు మారే పద్ధతి నాకు చాలా ఇష్టం. దానికోసం ఒక స్లాట్ వదులుకోవాలి, వేలు వణకకుండా ఉండాలి.

నైపుణ్యాల క్రమం

మొదట నావిగేషన్. స్థాయికి 5 శాతం చొప్పున మాడ్యూల్ ఉన్నా లేకున్నా ప్రతి ఓడకూ వేగం ఇస్తుంది. తర్వాత యాక్సిలరేషన్ కంట్రోల్. మాడ్యూల్ ఇచ్చే శాతాన్ని స్థాయికి 5 శాతం పెంచుతుంది. ఆఫ్టర్‌బర్నర్ వాడేవారికి ఆఫ్టర్‌బర్నర్, ఫ్యూయల్ కన్జర్వేషన్ నైపుణ్యాలు కెపాసిటర్‌ను కాపాడతాయి. మైక్రోవార్ప్‌డ్రైవ్‌కు ఆ పని చేసేది హై స్పీడ్ మనూవరింగ్. ఎవేసివ్ మనూవరింగ్, స్పేస్‌షిప్ కమాండ్ చురుకుదనాన్ని పెంచుతాయి. వీటిని చాలామంది ఆఖరికి వదిలేస్తారు. నా మాట వింటే ఎవేసివ్ మనూవరింగ్‌ను కనీసం 4వ స్థాయికి ముందే తీసుకెళ్లండి. గేటు (ఒక నక్షత్ర వ్యవస్థ నుంచి మరోదానికి దూకించే ద్వారం) దగ్గర ఓడను కాపాడేది చాలాసార్లు ఆ చురుకుదనమే. సర్వర్ సమయాన్ని ఒక్కో సెకను టిక్కుగా లెక్కిస్తుంది కాబట్టి అలైన్ సమయం (గమ్యం వైపు తిరిగి వార్ప్‌కు కావలసిన వేగం అందుకునే సమయం) 3.1 సెకన్లు అయితే 4 సెకన్లే అవుతుంది. 3.1ని 2.9కి తెస్తే నిజంగా ఒక సెకను మిగులుతుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో లండన్‌లోని సర్వర్‌కు కలిసి ఆడేవారికి కూడా ఈ సెకను లెక్క మేలే చేస్తుంది, మెరుపు వేగపు ఇంటర్నెట్ లేకపోయినా పెద్దగా నష్టం ఉండదు.

లో స్లాట్లు, రిగ్గులు

వేగాన్ని లో స్లాట్ల (ఓడలో మాడ్యూళ్ల కింది వరుస) నుంచి కూడా పెంచుకోవచ్చు. ఓవర్‌డ్రైవ్ ఇంజెక్టర్ వేగాన్ని మాత్రమే పెంచుతుంది (రెండో శ్రేణిది 12.5 శాతం), సరుకు గది తగ్గుతుంది. నానోఫైబర్ కొంత వేగం, కొంత చురుకుదనం ఇచ్చి ఓడ చట్రం బలాన్ని తీసుకుంటుంది. ఇనర్షియల్ స్టెబిలైజర్ చురుకుదనం ఒక్కటే ఇచ్చి సిగ్నేచర్‌ను కొంచెం పెంచుతుంది. పోరాట ఓడకు నానోఫైబర్ మేలు, త్వరగా వార్ప్‌లోకి వెళ్లాల్సిన సరుకు ఓడకు ఇనర్షియల్ స్టెబిలైజర్ మేలు.

ఒకే లక్షణాన్ని పెంచే మాడ్యూళ్లు పేర్చుకుంటూ పోతే ఫలితం తగ్గుతూ వస్తుంది. మొదటిది పూర్తిగా, రెండోది దాదాపు 87 శాతం, మూడోది 57 శాతం, నాలుగోది 28 శాతం మాత్రమే పనిచేస్తాయి. రెండు చాలు. మూడోది పెట్టడానికి బలమైన కారణం ఉండాలి, నాలుగోది స్లాట్‌ను వృథా చేయడమే. ఓడకు శాశ్వతంగా బిగించే రిగ్గుల్లో పాలీకార్బన్ ఇంజన్ హౌసింగ్, ఆక్సిలరీ థ్రస్టర్లు ఇదే కోవలోవి. వార్ప్ వేగం కావాలంటే మాత్రం హైపర్‌స్పేషియల్ రిగ్గులు.

ఇప్పుడు నడపడం

గేటు దాటగానే 60 సెకన్ల పాటు మీరు ఎవరికీ కనిపించరు. ఆ నిమిషాన్ని వాడుకోండి. చుట్టూ ఎవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, బుడగ ఉందా, గేటు ఏ దిక్కున ఉందో చూడండి. చాలా ఓడలు పోయేది ఈ నిమిషంలో తొందరపడి కదిలినందువల్ల.

గేటుకు తిరిగి వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటే, సాధారణంగా మీరు గేటుకు పన్నెండు కిలోమీటర్లకు పైగా దూరంలో తేలుతారు, గేటు అందడానికి 2,500 మీటర్ల లోపలికి రావాలి. ముందు గేటు వైపు అప్రోచ్ నొక్కి, వెంటనే మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలిగించండి. ఓడ మొహం తిరిగేలోపే ఊపు మొదలవుతుంది. ఆ తర్వాత జంప్ బటన్‌ను నొక్కుతూ ఉండండి. మధ్యలో ఎవరి మీదా కాల్పులు జరపకండి. కాలిస్తే ఆ తర్వాత ఒక నిమిషం పాటు గేటు మిమ్మల్ని లోపలికి రానివ్వదు. నల్‌సెక్‌లో కొత్తవారు ప్రాణం మీదికి తెచ్చుకునే తప్పు ఇదే.

లక్ష్యం చుట్టూ ఓడను దానంతటదే తిప్పే ఆర్బిట్ బటన్ గురించి ఒక మాట. ఆర్బిట్ దూరం మరీ తక్కువ పెడితే ఓడ ఎప్పుడూ మలుపు తిరుగుతూనే ఉంటుంది, గరిష్ఠ వేగాన్ని అందుకోలేదు. మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలుగుతున్న బరువైన ఓడకు ఇది మరీ ఎక్కువ. వేగం పట్టీని చూస్తూ ఆర్బిట్ దూరాన్ని పెంచుకుంటూ వెళ్లండి, వేగం నిలకడగా గరిష్ఠానికి చేరిన చోటే మీ ఓడకు తగిన దూరం. ఆఫ్టర్‌బర్నర్ ఫ్రిగేట్ 500 మీటర్లలో కూడా బాగా తిరగగలదు. ఇక శత్రువు మీదికి నేరుగా దూసుకెళ్లే అలవాటు మానుకోండి. నేరుగా వచ్చే ఓడ కోణం మారదు కాబట్టి తుపాకీకి నిలబడి ఉన్నట్టే లెక్క. తెర మీద ఖాళీ చోట రెండుసార్లు నొక్కుతూ, శత్రువుకు పక్కగా మొహం పెట్టి నత్త గుల్ల మీది గీతలా చుట్టుకుంటూ దగ్గరవ్వండి. చేతికి అలవాటు కావడానికి వారం పడుతుంది. ఆ తర్వాత ఆర్బిట్ బటన్ అవసరమే అంతగా ఉండదు.

పది సెకన్ల వార్ప్

బరువైన ఓడ నడిపేవారు ఇది తప్పక నేర్చుకోవాలి. వార్ప్‌కు 75 శాతం వేగం కావాలని మొదట చెప్పాను గదా. మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలిగి ఉంటే గరిష్ఠ వేగమూ పెరుగుతుంది కాబట్టి ఆ 75 శాతం కూడా పైకి జరుగుతుంది. బరువు పెరిగి ఊపందుకోవడమూ ఆలస్యమవుతుంది. మన రిఫ్టర్‌లో బరువు దాదాపు 47 శాతం పెరిగింది, అలైన్ సమయమూ అంతే పెరుగుతుంది. అంటే మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలిగించి ఉంచితే వార్ప్ ఆలస్యమే.

కానీ ఒక్క చక్రం (మాడ్యూల్ ఒక విడతలో పనిచేసే సమయం) మాత్రమే వెలిగించి ఆపేస్తే? చక్రం పది సెకన్లు. ఆ పది సెకన్లలో ఓడ తన మామూలు గరిష్ఠ వేగాన్ని మించిపోతుంది. చక్రం ముగియగానే గరిష్ఠ వేగం మామూలు స్థాయికి పడిపోతుంది, ఓడ మాత్రం ఇంకా వేగంగానే పోతోంది. 75 శాతం గీత ఎప్పుడో దాటేసినట్టు లెక్క, వెంటనే వార్ప్. చేయవలసిన క్రమం: వార్ప్ నొక్కండి, వెంటనే మైక్రోవార్ప్‌డ్రైవ్ వెలిగించండి, మరుక్షణం మళ్లీ నొక్కి ఒక్క చక్రంతో ఆగేలా చేయండి. అలైన్ కావడానికి 15 సెకన్లు పట్టే ఓడ 10 సెకన్లలో వెళ్లిపోతుంది. అలైన్ సమయం పది సెకన్ల లోపున్న ఓడలకు దీనితో పని లేదు.

దీనికి అడ్డం తిప్పిన రూపం సరుకు మోసే పెద్ద ఫ్రైటర్ల దగ్గర చూడవచ్చు. తోడుగా వచ్చిన మిత్రుడు ఫ్రైటర్ మీద వెబ్ వేస్తాడు. గరిష్ఠ వేగం తగ్గిపోయి, అప్పటికే ఉన్న కొద్దిపాటి వేగమే 75 శాతాన్ని దాటేస్తుంది. వేగాన్ని కోసే ఆయుధమే త్వరగా పంపించే సాధనమవుతుంది. ఈ ఆట మీద నాకు గౌరవం పెరిగిన సందర్భాల్లో ఇదొకటి.

అదే ఒక్క చక్రం పద్ధతికి ఓడను కనిపించకుండా చేసే క్లోక్ మాడ్యూల్ తోడైతే సరుకు ఓడలకు గొప్ప రక్షణ. గేటు దాటాక గమ్యం వైపు అలైన్ నొక్కండి. మీరు కనిపించిన ఆ మొదటి సెకనులోనే మైక్రోవార్ప్‌డ్రైవ్, క్లోక్ రెండూ వెంటవెంటనే వెలగాలి. క్లోక్ పూర్తిగా పడిన తర్వాత వేరే మాడ్యూల్ వెలగదు కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇప్పుడు ఓడ ఎవరికీ కనిపించకుండా ఊపందుకుంటోంది. చక్రం ముగియడానికి కొద్దిగా ముందు క్లోక్ ఆపి వార్ప్ నొక్కండి. చక్రం ముగియగానే ఓడ వెళ్లిపోతుంది. మిమ్మల్ని ఎవరైనా అప్పటికే గురిపెట్టి లాక్ చేస్తే క్లోక్ పనిచేయదు. ఏ వస్తువుకైనా 2,000 మీటర్ల లోపలికి వస్తే క్లోక్ తెగిపోతుంది. ఇది తెలిసిన శత్రువు చిన్న ఓడతో మీరు చివరగా కనిపించిన చోటికే దూసుకొస్తాడు. అందుకే గమ్యం దిక్కున ఎవరైనా నిలబడి ఉంటే వేరే గ్రహం వైపు అలైన్ అవ్వండి.

వేడి ఎక్కించడం

థర్మోడైనమిక్స్ నైపుణ్యం ఉంటే మాడ్యూల్‌ను వేడెక్కించవచ్చు. వేగం ఇచ్చే మాడ్యూళ్లకు అది ఇచ్చే శాతం మీద మరో సగం కలుస్తుంది. మన రిఫ్టర్ ఆఫ్టర్‌బర్నర్‌తో 1,190 నుంచి 1,560కి, మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో 3,240 నుంచి 4,600 పైకి వెళుతుంది. వేడి పక్క స్లాట్లను కూడా దెబ్బతీస్తుంది. అందుకని మొత్తం పోరాటమంతా వేడెక్కించకండి. మొదటి రెండు మూడు చక్రాలకు, దూరం ఎవరి చేతిలో ఉంటుందో తేలే ఆ ఇరవై ముప్పై సెకన్లకు దాన్ని దాచుకోండి. సరుకు గదిలో దెబ్బతిన్న మాడ్యూళ్లను బాగుచేసే నానైట్ రిపేర్ పేస్ట్ పెట్టుకోవడం మరవకండి.

తెలిసి ఉండాల్సిన మరికొన్ని

కొందరు క్రూజర్‌కు బ్యాటిల్‌షిప్ సైజు 100 ఎంఎన్ ఆఫ్టర్‌బర్నర్ తగిలిస్తారు. సిగ్నేచర్ ఉబ్బకుండా, స్క్రాంబ్లర్‌కు చిక్కకుండా మైక్రోవార్ప్‌డ్రైవ్‌కు దగ్గరి వేగం వస్తుంది. బరువు మాత్రం 5 కోట్ల కిలోలు పెరుగుతుంది, ఓడ మలుపు తిరగడం మర్చిపోతుంది. నేరుగా పోయే పనికి బాగుంటుంది, కొత్తవారికి నేను సలహా ఇవ్వను.

బ్యాటిల్‌షిప్పులకు, బ్యాటిల్‌క్రూజర్లకు మైక్రో జంప్ డ్రైవ్ ఉంది. మొహం పెట్టిన దిక్కుకు 100 కిలోమీటర్లు ఒక్కసారిగా దూకిస్తుంది. స్క్రాంబ్లర్ దీన్నీ ఆపుతుంది, డిస్రప్టర్ ఆపలేదు. దూరం నుంచి కాల్చే బ్యాటిల్‌షిప్పుకు ఇంతకన్నా మంచి రక్షణ మాడ్యూల్ నాకు తెలియదు. ఇక దళంగా వెళ్లేటప్పుడు దళమంతటికీ బలాన్నిచ్చే స్కర్మిష్ బరస్టుల్లో ర్యాపిడ్ డిప్లాయ్‌మెంట్ అందరి మాడ్యూళ్లకూ వేగం పెంచుతుంది. పైలట్‌కు అమర్చే, వేగం పెంచే స్నేక్ ఇంప్లాంట్లు ఖరీదైనవి, ఓడ పోయాక పైలట్ మిగిలే గుళిక కూడా పేలితే అవీ పోతాయి. తొలి ఏడాదిలో వాటి జోలికి పోవద్దు.

సాధన ఎలా చేయాలి

రోజూ మన సాయంత్రం 4:30కి సర్వర్ కొద్దిసేపు మూతపడుతుంది. అది తిరిగి తెరుచుకున్న వెంటనే జనం తక్కువగా ఉంటారు, సాధనకు మంచి సమయం. భద్రత ఎక్కువగా ఉన్న ఏదో మూలన ఉన్న నక్షత్ర వ్యవస్థకు చవకైన ఓడతో వెళ్లండి. మొదటి రోజు గేటు దగ్గర ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ ఆఫ్టర్‌బర్నర్‌కు, మైక్రోవార్ప్‌డ్రైవ్‌కు వేర్వేరుగా సరైన ఆర్బిట్ దూరాలు రాసి పెట్టుకోండి. రెండో రోజు ఖాళీ సరుకు ఓడతో రెండు గేట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ క్లోక్ పద్ధతిని పదిసార్లు చేయండి. క్లోక్, మైక్రోవార్ప్‌డ్రైవ్ బటన్లను కీబోర్డు మీద పక్కపక్కనే పెట్టుకోండి, ఒకే చేతి రెండు వేళ్లతో నొక్కగలగాలి. పదిలో తొమ్మిదిసార్లు కుదిరేదాకా ఆ ఓడలో సరుకు ఎక్కించకండి.